అణు విద్యుత్ బదులు సముద్రపు నాచు గ్యాస్: లెక్క కుదురుతుందా?

కెరటం (ప్రశ్న)

2011లో ఫుకుషిమా దృశ్యాలు టీవీలో చూసినప్పటి నుంచి అణు విద్యుత్ అంటే నాకు భయం పోలేదు. సంచులు పట్టుకుని ఊళ్లు వదిలి వెళ్తున్న ముసలివాళ్లు ఇప్పటికీ కళ్లముందు మెదులుతారు. ఈమధ్య జెయింట్ కెల్ప్ అనే సముద్రపు నాచు గురించి చదివాను. అనువైన చోట రోజుకి అర మీటరు దాకా పెరుగుతుందట. దానికి పొలం అక్కర్లేదు, మంచినీళ్లు అక్కర్లేదు, ఎరువూ అక్కర్లేదు. దాన్ని కుళ్లబెట్టి మీథేన్ తీసి కరెంటు చేసుకుంటే కొత్త రియాక్టర్ల అవసరమే ఉండదు కదా? ఇంత సముద్రం ఉండగా ఎవరూ ఎందుకు చేయడం లేదు? ఎవరైనా అడ్డుపడుతున్నారా, లేక నాకు తెలియని చిక్కేదైనా ఉందా? నేను పిల్లలకి సైన్స్ చెప్తాను. వాళ్లకి తప్పు చెప్పకూడదని అడుగుతున్నాను.

అలల_లెక్క

చేయకపోవడమేమీ లేదండీ, 1970లలోనే గట్టిగా ప్రయత్నించారు. అమెరికా నేవీలో పనిచేసిన హోవార్డ్ విల్‌కాక్స్ అనే శాస్త్రవేత్త నడిసముద్రంలో కెల్ప్ తోటలు వేసి తిండి, ఇంధనం రెండూ తీద్దామన్నారు. 1978లో దక్షిణ కాలిఫోర్నియా తీరానికి దూరంగా గొడుగు ఆకారంలో ఒక నిర్మాణాన్ని నీళ్లలో నిలబెట్టారు. లోతు నుంచి చల్లటి నీటిని పైకి తోడి కెల్ప్‌కి పోషకాలు అందించాలన్నది ఆలోచన. అలలు, ప్రవాహాల దెబ్బకి కొన్ని నెలల్లోనే మొక్కలు కొట్టుకుపోయాయి.

స్లర్రీ_ట్యాంక్

కెరటం గారూ, మీ భయం అర్థం చేసుకోగలను. నేను తొమ్మిదేళ్లుగా బయోగ్యాస్ ప్లాంటులో పనిచేస్తున్నాను. అందులో రెండు సీజన్లు పేడలో సముద్రపు నాచు కలిపి నడిపాం. అందుకే దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను.

ముందు లెక్క. 1000 మెగావాట్ల రియాక్టర్ ఏడాదిలో 90 శాతం నడిచిందనుకుంటే దాదాపు 790 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. ఇప్పుడు నాచు వైపు చూద్దాం. ఒక టన్ను ఎండు కెల్ప్‌లో మూడో వంతు దాకా ఉప్పు, బూడిద. బ్యాక్టీరియా తినగలిగింది 650 కిలోలు అనుకుందాం. కిలోకి 250 లీటర్ల మీథేన్ చొప్పున 160 ఘనపు మీటర్లు వస్తుంది. ఒక ఘనపు మీటరులో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది, అంటే మొత్తం 1600 యూనిట్లు. అందులో ఇంజిన్ కరెంటుగా మార్చేది 40 శాతం, 640 యూనిట్లు. ఇక 790 కోట్లని 640తో భాగిస్తే ఏడాదికి కోటీ 23 లక్షల టన్నుల ఎండు నాచు కావాలి.

నాచులో నూటికి 85 నుంచి 90 పాళ్లు నీళ్లే. కాబట్టి పచ్చి నాచు దాదాపు 12 కోట్ల టన్నులు కోయాలి. ప్రపంచమంతా కలిపి ఇప్పుడు పండిస్తున్నది ఏడాదికి సుమారు మూడున్నర కోట్ల టన్నులు. అందులో ఎక్కువ భాగం చైనా, ఇండోనేషియాలదే. అంటే ఒక్క రియాక్టర్‌కి బదులుగా ప్రపంచ పంటకి మూడున్నర రెట్లు. హెక్టారుకి 20 టన్నుల ఎండు దిగుబడి వచ్చిందనుకున్నా 6 వేల చదరపు కిలోమీటర్లకి పైగా తోట కావాలి. పడవల డీజిల్, తాళ్లు, నాచు మోసే ఖర్చు ఇందులో నేను తీసివేయలేదు. అదే రియాక్టర్ ఏడాదికి వాడే ఇంధనం పాతిక టన్నుల చిల్లర.

ఎరువు అక్కర్లేదన్నారు. అడవి కెల్ప్‌కి అక్కర్లేదు, ఎందుకంటే అది పెరిగే చోట లోతు నీళ్లు వాటంతట అవే పైకి వచ్చి నైట్రేట్లు తెస్తాయి. నడిసముద్రంలో పైపొర చాలాచోట్ల పోషకాలు లేని నీరే. ఎండు నాచులో నత్రజని 2 శాతం అనుకున్నా పై పంటతో పాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల నత్రజని సముద్రం నుంచి బయటికి వస్తుంది. దాన్ని స్లర్రీ (గ్యాస్ తీశాక మిగిలే చిక్కటి ద్రవం) రూపంలో తిరిగి ఇవ్వాలి, లేదా లోతు నుంచి తోడాలి. విల్‌కాక్స్ కాలం నుంచి మనుషులు కుస్తీ పడుతున్నది దీనితోనే.

ఇక ట్యాంకు సంగతి. నాచుతో పాటు ఇసుక వస్తుంది. ఎంత కడిగినా వస్తుంది. మొదటి సీజన్ చివరికి మా డైజెస్టర్ (నాచు కుళ్లే మూసిన ట్యాంకు) అడుగున ఇసుక పేరుకుని, లోపల కలిపే స్టిర్రర్ బిగుసుకుపోయింది. ట్యాంకు ఖాళీ చేయించి పారలతో ఎత్తించాం. రెండోది సల్ఫర్. సముద్రపు ఉప్పులోని సల్ఫేట్‌ని తినే బ్యాక్టీరియా మీథేన్ బ్యాక్టీరియాతో పోటీకి దిగి హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తుంది. ఆ గ్యాస్ వెళ్లాక ఇంజిన్ ఆయిల్ తొందరగా పాడయ్యేది, గడువుకంటే ముందే మార్చాల్సి వచ్చేది. ఐరన్ క్లోరైడ్ కలిపాక తగ్గింది. నాచు వాటా తక్కువగా ఉన్నంతసేపు ట్యాంకు బాగానే నడిచింది. వాటా పెంచినప్పుడల్లా ఉప్పు ఎక్కువై గ్యాస్ పడిపోయింది.

నా మాట ఒక్కటే. అణు విద్యుత్ వద్దనుకుంటే దాని స్థానంలో నిలబడగలిగినవి ఎండా, గాలీ. ఒక చదరపు కిలోమీటరు నాచు తోట ఏడాదికి 13 లక్షల యూనిట్లు ఇస్తే, అంతే జాగాలో సోలార్ ప్యానెళ్లు దాదాపు 10 కోట్ల యూనిట్లు ఇస్తాయి. ఆకు ఎండలో ఒకటి రెండు శాతమే పట్టుకుంటుంది, ప్యానెల్ 20 శాతం పట్టుకుంటుంది. నాచుని నేను ప్రేమిస్తాను. దాన్ని రియాక్టర్‌తో పోటీకి నిలబెట్టడం దానికే అన్యాయం.

గాలిమర

లెక్క బాగుంది, కానీ ఒక్క విషయం వదిలేశారు. సోలార్ రాత్రి పనిచేయదు. గ్యాస్‌ని దాచుకోవచ్చు. గాలీ ఎండా లేని గంటలకి మాత్రమే నాచు గ్యాస్ వాడితే పదో వంతు చాలుతుందేమో కదా?

స్లర్రీ_ట్యాంక్

మంచి మాట. దాచుకోవడమే గ్యాస్ బలం. పదో వంతు అంటే 600 చదరపు కిలోమీటర్లు, పచ్చి నాచు కోటీ 20 లక్షల టన్నులు. అది కూడా ప్రపంచ పంటలో మూడో వంతు. పైగా చల్లటి సముద్రాల్లో షుగర్ కెల్ప్ లాంటివి శరదృతువులో నాటి వసంతంలో కోస్తారు. పంటంతా కొన్ని వారాల్లో వచ్చి పడుతుంది, మిగతా ఏడాదికి పాతర వేసి దాచాలి. ముందు పేడ, మురుగునీరు, వంటింటి వ్యర్థాల్లో ఉన్న గ్యాస్‌ని తీసుకుందాం. అవి ఎలాగూ కుళ్లుతున్నాయి, ఆ మీథేన్ గాలిలోకే పోతోంది. ఎరువులు కొట్టుకొచ్చి పాడైన తీరాల్లో నీటిని శుభ్రం చేయడానికి నాచు పెంచితే మాత్రం, కోసినదాన్ని ట్యాంకులో వేయడం నూటికి నూరు పాళ్లు సరైన పని.

కెరటం

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. రియాక్టర్ల మీద నా అభిప్రాయం మారలేదు, కానీ నాచు మీద మారింది. సీసాలో నాచు వేసి మూత బిగించి గ్యాస్ రావడం పిల్లలకి చూపిద్దామనుకున్నాను. ఫరవాలేదా?

స్లర్రీ_ట్యాంక్

దయచేసి మూత బిగించకండి. ఒత్తిడికి సీసా పగలొచ్చు. అంతకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రమాదం. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకి ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది. పోయిందనుకుని దగ్గరికి వెళ్తారు. మా ప్లాంటులో ఆ గ్యాస్‌ని కొలిచే మీటరు లేకుండా ఎవరినీ ట్యాంకు దగ్గరికి రానివ్వం.

తూకం పెట్టించండి. కిలో పచ్చి నాచు పిల్లల చేతికిచ్చి, ఎండలో బాగా ఎండబెట్టి మళ్లీ తూచమనండి. నూరు, నూట యాభై గ్రాములు మిగులుతుంది. ఆ ఎండినది చేతిలో పట్టుకున్నాక 12 కోట్ల టన్నుల లెక్క వాళ్లతోనే వేయించండి.