బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్‌లో పెద్దవాళ్లతో ఎంతదాకా దిగొచ్చు?

ప్రశ్న: జూన్ రెండో వారంలో ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కెన్యన్ వెళ్తున్నాం. అమ్మానాన్నలకి అరవై దాటింది, కానీ తిరుమల మెట్లు ఎక్కిన కాళ్లే. లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ (కాలిబాట)లో ఎక్కడిదాకా దిగొచ్చు? నీళ్లు దారిలో దొరుకుతాయా? ఆ దారికి పాత కథ ఉందంటారు, ఏంటది?

జవాబు 1: తిరుమల లెక్క ఇక్కడ తిరగబడుతుంది. అక్కడ సత్తువ ఉండగానే ఎక్కేస్తాం, పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది. ఇక్కడ ముందు దిగుడు, అలిసిపోయాక ఎక్కుడు. లోయ అడుగున నది దగ్గర పైకంటే 20 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఎక్కువ వేడి. దారిలో మైలున్నర దగ్గరుండే రెస్ట్‌హౌస్‌కే 1,120 అడుగులు దిగిపోతారు. జూన్‌లో పెద్దవాళ్లతో అక్కడే వెనక్కి తిరగండి. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు వేసుకోండి. తెల్లారకముందే మొదలుపెట్టి పదిలోపు పైకి వచ్చేయాలి.

జవాబు 2: మైలున్నర, మూడు మైళ్ల దగ్గర ఎండాకాలంలో కుళాయిలుంటాయి, కానీ వాటిని నమ్ముకుని దిగొద్దు. 1960ల్లో వేసిన పైపు, తరచూ పగులుతుంది. ఆ ఉదయం పార్క్ సైట్ చూసి, మనిషికి రెండు లీటర్లు ఎలాగూ మోయండి. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోయి వాంతులు, తికమక మొదలవుతాయి. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది. ఉప్పు వేరుశెనగలు, చేగోడీలు నములుతూ ఉండాలి. కాలి గోళ్లు కత్తిరించుకోండి, దిగేటప్పుడు బూటుకి కొట్టుకుని నల్లబడతాయి. కంచర గాడిదలు వస్తే కొండవైపుకి ఒదిగి నిలబడండి, లోయవైపు కాదు.

జవాబు 3: కథకి వస్తే, అది అసలు హవాసుపాయ్ అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్ల దారి. నాలుగున్నర మైళ్ల దగ్గర ఊటనీళ్లతో వాళ్లు పంటలు పండించిన చోటికి 2022లోగానీ వాళ్ల పేరు పెట్టలేదు. రాల్ఫ్ కామెరాన్ అనే ఆయన దారిని బాగుచేయించి మనిషికి డాలరు చొప్పున వసూలు చేశాడు. 1919లో నేషనల్ పార్క్ అయ్యాక కూడా దారి 1928 దాకా కౌంటీ (జిల్లా ప్రభుత్వం) చేతిలోనే ఉంది. ఆ సుంకం బాధ తప్పించుకోవడానికే పార్క్ వాళ్లు సౌత్ కైబాబ్ ట్రెయిల్ వేరేగా వేశారు. ట్రెయిల్ మొదట్లోనే కోల్బ్ సోదరుల ఫొటో స్టూడియో ఉంటుంది. కంచర గాడిదలెక్కి దిగేవాళ్లని పొద్దున ఫొటో తీసేవారు. పైన నీళ్లు లేవు కాబట్టి ఫొటో ప్లేట్లు (నెగటివ్‌లు) పట్టుకుని ఆ ఊటదాకా పరుగెత్తి, అక్కడ కడిగి, దిగినవాళ్లు తిరిగొచ్చేలోపు మూడువేల అడుగులు ఎక్కి ప్రింట్లు అమ్మేవారు.

ప్రశ్న అడిగినవారు: స్టూడియో లోపలికి వెళ్లొచ్చా?

జవాబు 3: వెళ్లొచ్చు, టికెట్ లేదు. ఎక్కొచ్చాక చూడండి.