అప్‌డేట్: చదరంగంలో గుర్రం ఒక్కటే ఏ-ఫైల్ (బోర్డు అంచు నిలువు వరుస) బంటును ఆపగలదా?

మూడు వారాల కిందట ఇక్కడ ఈ ప్రశ్న అడిగింది నేనే. కావలి నుంచి. మా పాప చేతిలో నల్ల గుర్రం ఒక్కటే, దాని రాజు ఎక్కడో దూరంగా. అవతల తెల్ల బంటు ఏ7లో (ఏ-ఫైల్‌లో ఏడో గడి), ఇంకొక్క గడి దాటితే మంత్రి అయిపోతుంది. తెల్ల రాజు బీ6లో. సీ7లో ఉన్న గుర్రం ఏ8కి దూకి చెక్ (రాజు మీద దాడి) ఇచ్చింది, రాజు బీ7కి రాగానే మూలలో చిక్కిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందని అడిగాను.

తప్పు ఆ ఎత్తులో కాదని మీరు చెప్పిందే నిజం. అంచు బంటు ఏడో వరుసకు చేరితే, రాజు తోడుంటే, గుర్రం ఒంటరిగా నిలవదు. బంటు ఏ6లో ఉన్నప్పుడే పట్టుకోవాలి.

రాత్రి భోజనాలయ్యాక బోర్డు పరిచి అదే సాధన చేశాం. గుర్రం ఏ7లో, బంటు ఏ6లో. తెల్ల రాజు బీ6కి వస్తే గుర్రంతో సీ8లో చెక్, బీ7కి వస్తే డీ6 చెక్, సీ7కి వస్తే బీ5 చెక్. మళ్ళీ బీ6కి వచ్చాడు. పాప ఏ7కే తిరిగి వెళ్ళి గుర్రాన్ని పోగొట్టుకుంది, రెండుసార్లు! మూడోసారి చాలాసేపు చూసి డీ6లో పెట్టింది. నేను బంటును ఏ7కి తోశాను. సీ8 చెక్, రాజు కదిలాడు, బంటు పోయింది. ఆ పిల్ల మొహం చూడాలి!

టేబుల్‌బేస్‌లో (కొద్ది పావులే మిగిలిన ఆటల ఫలితాలు ముందే లెక్కగట్టిన కంప్యూటర్ పట్టికలో) చూసినా డ్రానే. ఇప్పుడు బీ-ఫైల్ బంటు మొదలుపెట్టాం. అక్కడ ఏడో వరుసలోనూ గుర్రం బీ8లో నిలబడుతోంది, రెండు వైపులా చెక్‌లు దొరుకుతాయి కాబట్టి. ఓపిగ్గా చెప్పిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.