నక్తం రోజు రాత్రి ఒక్క సలాడ్‌తోనే కడుపు నిండాలంటే ఎలా చేయాలి?

బెళ్లందూరు_కోడలు

అందరికీ నమస్తే అండీ. మేం బెంగళూరులో బెళ్లందూరు వైపు ఉంటాం, సొంతూరు అనంతపురం పక్కన. కార్తీకమాసం కదా, మా అత్తమ్మ మా దగ్గరే ఉన్నారు. సోమవారాలు నక్తం ఉంటారు, పగలంతా పాలూ పండూ తప్ప ఏమీ ముట్టరు, రాత్రి చుక్క చూసి దీపం పెట్టాకే తినడం. ఆ పూట అన్నం తినరు, ఉల్లీ వెల్లుల్లీ అయితే నెలంతా ఇంట్లోకే రావు. ప్రతి వారం ఉప్మా, చపాతీ ఏం పెడతాంలే, ఇప్పుడు మార్కెట్ నిండా గుమ్మడికాయ, గెనసగడ్డ (మీ వైపు చిలగడదుంప అంటారేమో) ఉన్నాయి కదా, వాటిని కాల్చి పండ్లు కలిపి పెద్ద గిన్నెడు సలాడ్ చేద్దామనుకున్నా.

పోయిన సోమవారం చేశా. మాది 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్). గుమ్మడి, గెనసగడ్డ, క్యారెట్, బీట్‌రూట్ అన్నీ ఒకే ట్రేలో వేసి 180లో నలభై నిమిషాలు పెట్టా. తీసి చూస్తే గుమ్మడి ముద్దయిపోయింది, క్యారెట్ పచ్చిగానే ఉంది, అడుగున ఎర్రటి నీళ్లు, అన్నీ బీట్‌రూట్ రంగే. ఆ వేడి మీదే ఆపిల్, కమలా తొనలు కలిపేశా, ఇంకా నీళ్లూరింది. అత్తమ్మ ఏమీ అనలేదు, గిన్నె ఖాళీ చేశారు, కానీ తొమ్మిదిన్నరకి చూస్తే వంటింట్లో లైట్ వేసుకుని అటుకుల డబ్బా వెతుక్కుంటున్నారు. పొద్దున్నుంచి పస్తున్న మనిషి మళ్లీ ఆకలితో లేవాల్సి వచ్చిందని నాకు చాలా బాధేసింది. వచ్చే సోమవారం మళ్లీ చేద్దామనుకుంటున్నా, తప్పెక్కడ జరిగిందో చెప్పండి ప్లీజ్.

గరిటె_తిప్పే_అక్క

చెల్లీ, నీ కూరగాయలు కాలలేదమ్మా, ఉడికాయి. ట్రే కిక్కిరిసిపోతే ముక్కల్లోంచి వచ్చిన ఆవిరి బయటికి పోలేక అక్కడే తిరుగుతుంది, ఆ తడి ఆరేదాకా ముక్క 100 డిగ్రీలు దాటదు, దాటకపోతే ఎర్రగా వేగదు, ఆ కాలిన వాసన రాదు. అందుకని ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంచు, ఒక ట్రేలో పట్టకపోతే రెండు విడతలుగా కాల్చు, టైమ్ పడుతుంది కానీ ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది.

వేడి 200 పెట్టు, పైనా కిందా రాడ్లు రెండూ ఆన్ చేసి, పది పదిహేను నిమిషాలు ఖాళీ ఓవెన్‌ని కాగనిచ్చాకే ట్రే లోపల పెట్టు. కడిగిన ముక్కల్ని పాత కాటన్ టవల్ మీద పరిచి తడి లేకుండా ఒత్తు, ఇది మాత్రం మానొద్దు. నూనె ముక్కకి పట్టి తళుక్కుమనాలి, ట్రే అడుగున నిలవకూడదు, ట్రేకి ఒక పెద్ద స్పూన్ చాలు. గుమ్మడి త్వరగా మెత్తబడుతుంది కాబట్టి అంగుళంన్నర ముక్కలు కొయ్యి, క్యారెట్ ఆలస్యంగా ఉడుకుతుంది కాబట్టి అందులో సగం. పదిహేను నిమిషాలకి ఒకసారి తిప్పు, మొత్తం ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు. మూలలు గోధుమరంగు తిరిగితే అయిపోయినట్టే. తీశాక గిన్నెలో పోసి మూత పెట్టొద్దు, ఆ ఆవిరికి మళ్లీ మెత్తబడిపోతాయి, ట్రేలోనే ఆరనివ్వు.

బీట్‌రూట్‌ని ఎప్పుడూ వేరుగానే చెయ్యాలి. దాని రంగు నీళ్లలో కరిగే రంగు, పక్కనున్నవాటన్నిటికీ అంటుతుంది. తొక్కతోనే కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్ రానిచ్చి, ఆరాక తొక్క తీసి కోసి, వడ్డించే ముందు పైన వెయ్యి, కలపకు.

ఇంకోటి, గెనసగడ్డ గురించి. మా అమ్మమ్మ కట్టెల పొయ్యి చల్లారే టైమ్‌కి గడ్డల్ని నివురులో పాతిపెట్టేది, గంట తర్వాత తీస్తే తొక్క మీద జిగురుగా పాకం కారి ఉండేది. గడ్డ మెల్లగా వేడెక్కుతుంటే అందులోని పిండి చక్కెరగా మారడానికి టైమ్ దొరుకుతుంది, ముక్కలు కోసి గబగబా కాలిస్తే అంత తీపి రాదు. నీకు ఓపికుంటే గడ్డల్ని మధ్యాహ్నమే తొక్కతో అలాగే 180లో గంట కాల్చి పెట్టుకో, రాత్రికి చక్రాలు కోసి పెనం మీద రెండు పక్కలా ఎర్రగా కాల్చెయ్.

ఎనిమిదో_క్రాస్_సంచి

కూరగాయల సంగతి అక్క చెప్పేశారు, నేను పండ్ల గురించి చెప్తా. మేం మల్లేశ్వరంలో ఉంటాం, ఎనిమిదో క్రాస్‌లో వారానికి రెండుసార్లు కొంటా. ఈ రోజుల్లో హిమాచల్, కాశ్మీర్ ఆపిల్ కొత్త పంట వస్తుంది కాబట్టి కరకరలాడేవి దొరుకుతాయి, వేలితో నొక్కితే సొట్ట పడేది మాత్రం తీసుకోవద్దు. కోసిన వెంటనే నిమ్మరసం పిండిన నీళ్లలో అయిదు నిమిషాలు వేసి తీస్తే నల్లబడదు. నన్నడిగితే ఆపిల్ కంటే దోరజామ ఇంకా బాగుంటుంది, ఆ వగరు గుమ్మడి తీపికి సరిగ్గా సరిపోతుంది, గింజ భాగం తీసేసి సన్నగా కోస్తే చాలు. పైన గుప్పెడు దానిమ్మ గింజలు. బేరికాయ దొరికితే అదీ గట్టిదే.

కమలా తొనలు వేయొద్దండి, మీ సలాడ్‌లో నీళ్లు సగం అక్కణ్ణుంచే వచ్చుంటాయి. దాన్ని పిండి ఆ రసం నిమ్మరసంతో కలిపి పైన పోసుకోండి. సీతాఫలం కూడా ఇప్పుడే కదా అని కొందరు వేస్తారు, దయచేసి వద్దు, అది కలిపితే గుజ్జయిపోతుంది, భోజనం అయ్యాక విడిగా ఒకటి అత్తమ్మగారి చేతిలో పెట్టండి, సంతోషపడతారు.

కూరగాయలు గోరువెచ్చగా అయ్యాకే పండు కలపాలి. ఉప్పు అన్నిటికంటే చివర, వడ్డించే నిమిషంలో, ఎందుకంటే పండు మీద ఉప్పు పడిందంటే నీళ్లు లాగేస్తుంది.

పెరంబూరు_పెనం

మేం చెన్నైలో, మా ఇంట్లో ఓవెన్ లేదు. ఇనుప దోసె పెనం బాగా కాల్చి, గుమ్మడి ముక్కలు ఒకే వరసలో పరిచి, నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేస్తా, అడుగు ఎర్రబడ్డాక తిప్పి ఇంకో నాలుగు. గరిటెతో కెలుకుతూ ఉంటే మాత్రం కూర అవుతుంది. ముసురు పట్టినప్పుడు ఆకులు వాడితే జాగ్రత్త, పాలకూరలో పురుగులుంటాయి, ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉంచి రెండు మూడు సార్లు కడిగి గుడ్డలో ఆరబెట్టండి.

బెళ్లందూరు_కోడలు

అక్కా, అందరికీ చాలా థాంక్స్. తడి ఆర్చకపోవడం, ఒకే ట్రేలో కుక్కడం, రెండు తప్పులూ చేశా. కానీ ఆకలి సంగతి? ఇవన్నీ బాగా కుదిరినా రెండు గంటలకి మళ్లీ ఆకలేస్తే ఏం లాభం, ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు, రాత్రి మళ్లీ లేచి తినడం మంచిది కాదు. కొర్రలు వేయొచ్చా? సెనగలు అరుగుతాయా?

గరిటె_తిప్పే_అక్క

నీ గిన్నెలో పప్పుధాన్యం ఏమీ లేదు చెల్లీ, అందుకే ఆగలేదు. కూరగాయలూ పండ్లూ ఎంత తిన్నా గంటన్నరకి మళ్లీ ఆకలేస్తుంది. నలుగురికి ఒక కప్పు కాబూలీ సెనగలు పొద్దున్నే నానబెట్టు, సాయంత్రం ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో, ఉప్పేసి, వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించు. పెద్దవాళ్లకి సగం ఉడికినవి పెడితేనే కడుపు ఉబ్బరం. కొర్రలు కూడా ధాన్యమే కదా అని కొన్ని ఇళ్లలో నక్తానికి వాడరు, మీ అత్తమ్మనే అడుగు. ఆవిడ సరేనంటే కప్పుకి రెండు కప్పుల నీళ్లు, అరగంట నానబెట్టి వండి, పళ్లెంలో పరిచి పొడిపొడిగా ఆరాక కలుపు. లేకపోతే పనీర్ ముక్కలు వేయించి వెయ్యి.

మీది అనంతపురం అంటున్నావు కాబట్టి శెనక్కాయలు మర్చిపోవద్దు. బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషె (శెనక్కాయల జాతర) కార్తీకంలో ఆఖరి సోమవారమే, దొడ్డ బసవణ్ణ గుడి రోడ్డంతా రాశులు పోస్తారు, అక్కడ పచ్చికాయలు తెచ్చి ఉప్పునీళ్లలో ఉడికించి ఒలిచి కలిపితే సెనగల అవసరం కూడా ఉండదు. సగం ఉడికించినవి, సగం దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచినవి వేస్తే పంటికి మెత్తగా ఒకటి, కరకరగా ఒకటి తగులుతుంది.

పైన పోసుకోవడానికి ఒక నిమ్మకాయ, సగం కమలా రసం, గానుగ పల్లీ నూనె మూడు స్పూన్లు, తేనె ఒక స్పూన్, వేయించిన జీలకర్ర పొడి, మిరియాల పొడి, చిటికెడు ఇంగువ. ఉల్లీ వెల్లుల్లీ లేని లోటు ఇంగువ తీరుస్తుంది. సీసాలో వేసి మూత బిగించి గట్టిగా ఊపితే చిక్కబడుతుంది.

ఇంకో నెల ఆగితే అనపకాయలు మొదలవుతాయి, అప్పుడు సెనగల బదులు పితకపప్పు (నానబెట్టి తొక్క ఒలిచిన అనప గింజలు) వేసి చూడు, దాని రుచే వేరు.

బెళ్లందూరు_కోడలు

అక్కా, నిన్న చేశా, అందరికీ చెప్పాలని పొద్దున్నే రాస్తున్నా. కొర్రలు వద్దన్నారు అత్తమ్మ, అందుకని సెనగలూ శెనక్కాయలే. గుమ్మడి రెండు విడతలుగా కాల్చా, మూలలు నిజంగానే గోధుమరంగు తిరిగి పాకంలా అంటుకున్నాయి, ఇల్లంతా వాసన. గెనసగడ్డ మధ్యాహ్నమే తొక్కతో కాల్చిపెట్టా, తొక్క పగిలినచోట తేనెలాంటి చుక్క కారి ట్రే మీద గట్టిపడింది, అత్తమ్మ దాన్ని గోటితో గీకి నోట్లో వేసుకుని చిన్నప్పుడు పొలంలో కాల్చుకున్న గడ్డల గురించి అరగంట చెప్పారు. ఆపిల్ బదులు జామ వేశా. తీపి కొంచెం ఎక్కువైందనిపించింది, ఈసారి తేనె సగానికి తగ్గిస్తా, నిమ్మకాయ ఇంకో సగం పిండుతా.

రాత్రి నేను పదకొండు దాకా హాల్లో పని చేసుకుంటూనే ఉన్నా, వంటింట్లో లైట్ వెలగలేదు. వచ్చే సోమవారం పరిషెకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం, రెండు సంచులు తెమ్మన్నారు.