ఏ ఊరి మూడో హెచ్చరికండీ బాబూ?

లంకగట్టు:
మాది పి.గన్నవరం దగ్గర లంక. పోయిన వరదల్లో జరిగింది ముందు చెప్తాను, తర్వాత కొట్టుకుందాం. రాత్రి పదిన్నరకి మా అత్తయ్య ఫోనుకి ఒక టీవీ ఛానెల్ వాళ్ళ యూట్యూబ్ షార్ట్ వచ్చింది. ఎర్ర పట్టీ మీద "గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక", వెనకాల సైరన్ మోత. ముప్పై సెకన్లు, అంతే. ఆవిడ దూడని విప్పేసి, బియ్యం మూట అటకెక్కించి, మా అందర్నీ ఏటిగట్టు మీదకి తోలేసింది. తెల్లారేదాకా వానలోనే. తీరా చూస్తే ఆ హెచ్చరిక భద్రాచలానిది. అక్కడ 53 అడుగులకి మూడోది ఇస్తారు. మనకి లెక్క ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర, 17.75 అడుగులకి. ఆ రాత్రికి ఇక్కడ ఉన్నది మొదటిదే.

తమాషా ఏంటంటే, అదే ఛానెల్ టీవీలో చూసిన మా బాబాయి హాయిగా పడుకున్నాడు. యాంకరు భద్రాచలం అని రెండుసార్లు చెప్పిందట. అందుకే అడుగుతున్నా. ఒక రిపోర్టరు పంపిన ముక్కనే కోసి టీవీకి, యూట్యూబుకి, వెబ్‌సైటుకి, ఫోన్ నోటిఫికేషనుకి పంచడం సబబేనా? దేనికది విడిగా రాయక్కర్లేదా?

పాత స్ట్రింగర్:
ఆయ్, ఇది నాకు తెలిసిన భాగోతమేనండి. పదకొండేళ్ళు ఛానెల్‌కి ఊళ్ళోంచి వార్తలు పంపే స్ట్రింగరు పని చేశాను. మనం ఘాట్ దగ్గర నిలబడి మూడు నిమిషాల విజువల్స్, నీటిమట్టం చూపే గేజి స్కేలు క్లోజప్పు, ఇద్దరి బైట్లు, అంటే కెమెరా ముందు మాటలు తీసి, నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి పంపుతాం. హైదరాబాదులో ఇన్‌పుట్ డెస్కు తీసుకుంటుంది, అవుట్‌పుట్ వాళ్ళు బులెటిన్‌లో వేస్తారు. డిజిటల్ వాళ్ళు అదే ఫైలు పట్టుకెళ్ళి తమ కోత తాము కోసుకుంటారు. అసలు గొడవ ఆ కోతలో ఉంది. టీవీకి వీడియో అడ్డంగా కావాలి, షార్ట్‌కి నిలువుగా. అడ్డం దాన్ని నిలువుగా కోస్తే పక్కలు పోతాయి. నా ఫ్రేములో ఎడమ పక్కన గేజి స్కేలు, కింద మూల ఊరి పేరు. రెండూ ఎగిరిపోయి మధ్యలో నీళ్ళు మిగిలేవి. వరదొస్తే గోదారి ఎక్కడైనా ఎర్రగానే ఉంటుంది కదండీ, అది భద్రాచలమో, కోటిలింగాల ఘాటో ఎవడు చెప్పగలడు?

నైట్ డెస్కు:
నేను అలాంటి డిజిటల్ డెస్కులోనే ఉన్నాను, మీరన్న ఛానెల్ కాదు లెండి. విడిగా రాయమనడం తేలికే. రాత్రి షిఫ్టులో ఇద్దరం ఉంటాం, నాలుగు పేజీలు, రెండు యూట్యూబ్ ఛానెళ్ళు మా నెత్తినే. ఇంకో సంగతి. ఈ పంచడం అనేదే లేకపోతే కోనసీమకి టీవీలో దక్కేది ఒక స్క్రోలింగ్ లైను. రెండు రాష్ట్రాలకీ కలిపి ఒకటే బులెటిన్, లంకకి అందులో చోటెక్కడిది? ఇప్పుడు మీ రేవు వీడియో మస్కట్‌లో ఉన్న మీ ఊరబ్బాయి కూడా చూస్తున్నాడు. అది మంచి కాదా?

లంకగట్టు:
మంచే. మరి తప్పని తెలిశాక ఏం చేస్తారండీ?

నైట్ డెస్కు:
నిజం చెప్పాలంటే, టీవీలో పది నిమిషాల్లో పట్టీ మారిపోతుంది. యూట్యూబులో ఒకసారి ఎక్కిన వీడియో ప్లేసులో అదే లింకు మీద కొత్తది పెట్టడం కుదరదు. టైటిల్ మార్చొచ్చు, కాస్త కత్తిరించొచ్చు, లేదంటే మొత్తం తీసెయ్యాలి. తీసేస్తే వ్యూస్ పోతాయని పైవాళ్ళు ఒప్పుకోరు. ఇక దింపుకుని వాట్సాప్‌లో తిప్పే కాపీ మా చేతిలో లేదు.

రాజోలు కేబుల్:
టీవీని మరీ ఆకాశానికెత్తేయకండి. వరదొస్తే ముందు పోయేది కరెంటు. నా హెడ్‌ఎండ్‌కి, అదే ఇళ్ళకి ఛానెళ్ళు పంపే కేబుల్ గదికి జనరేటరుంది, మీ ఇంట్లో సెట్‌టాప్ బాక్సుకి లేదు. మా లోకల్ ఛానెల్లో బ్యారేజీ మట్టం గంటగంటకీ టైముతో సహా వేశాం. ఎవరు చూశారు? చీకట్లో కూర్చుని అందరూ ఫోనే చూశారు.

సరదాబుల్లోడు:
ఫోనులో చూసి పరిగెత్తినోళ్ళది కదండీ తప్పు?

లంకగట్టు:
ఈ ముక్క మా అత్తయ్య ఎదురుగా నిలబడి అను తమ్ముడూ. 1996 నవంబరు 6 తుపానుకి ఆవిడ ఇంటి కప్పు లేచిపోయింది. చెప్పినోడు తప్పు చెప్పినా సరే, ముందు లేస్తుంది.

రిటైర్డ్ మేస్టారు:
రేడియో పేరు ఎవరూ ఎత్తలేదేం? ప్రైవేటు ఎఫ్ఎమ్‌లు సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు ప్రసారం చేయొచ్చు, అంతే. అయితే వరద, తుపాను హెచ్చరికల విషయంలో స్థానిక అధికారులు ఇచ్చిన సమాచారం చెప్పుకోనిస్తారు, వాటిని వార్తల కింద లెక్కెయ్యరు. అధికారులిచ్చే ఆ కాగితంలో ఊరు, టైము ఉంటాయి. కోసేవాడు ఉండడు. మా రోజుల్లో రేడియో గొప్పదని కోతలు కోయను బాబూ, ఆ తుపాను రాత్రి మా ఇంట్లో బ్యాటరీలే లేవు.

పాత స్ట్రింగర్:
మేస్టారు చెప్పింది బాగుంది. ఒక్క ముక్క. స్క్రీను మీద రాసింది కోతలో పోతుంది, మాట పోదు. అందుకే ఆఖర్లో నేను వీడియో మొదట్లోనే "భద్రాచలం, రాత్రి ఎనిమిదిన్నర" అని గట్టిగా చెప్పి మరీ తీసేవాణ్ణి. కొత్తవాళ్ళకీ అదే చెప్తాను.

నైట్ డెస్కు:
షార్ట్‌కి మేం ముందు తీసేసేది ఆ ఆడియోనే కదండీ. అత్తయ్యగారు విన్న సైరన్ ఉంది చూశారూ, దాని కింద అలాంటి గొంతే ఏదో ఉండుంటుంది.