యాష్ క్యూకి అవిసె నూనె పట్టించాలా, వద్దా?

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
నాది యాష్ అనే చెట్టు కర్రతో చేసిన స్నూకర్ క్యూ (బంతిని కొట్టే కర్ర), రెండు ముక్కలది. ఈ మధ్య షాట్ కొట్టేటప్పుడు క్యూని ఆనించే బ్రిడ్జి చేతి వేళ్ల దగ్గర పట్టేస్తోంది, సాఫీగా జారడం లేదు. టిప్ (క్యూ కొసనుండే తోలు బిళ్ల) నుంచి జానెడు మేర, దానికి రాసే చాక్ పొడి దిగిపోయి కర్ర గీతలు నల్లబడ్డాయి. క్లబ్బులో ఒకాయన ఉప్పుకాగితంతో రుద్ది కొబ్బరినూనె రాయమంటారు. ఇంకొకాయన అవిసె నూనె తప్ప ఏదీ వద్దంటారు. మన వైపు ఉక్కపోతకి అసలు నూనె పెట్టొచ్చా?

గంటస్తంభం (విజయనగరం):
ఉప్పుకాగితం జోలికి మాత్రం వెళ్లొద్దు తమ్ముడూ. టిప్ దగ్గర కర్ర మందం 9 నుంచి 10 మిల్లీమీటర్లే. రుద్దిన ప్రతిసారీ కర్ర అరుగుతుంది, టిప్ కింద ఉండే ఇత్తడి తొడుగు, అదే ఫెర్రుల్, అంతగా అరగదు. కొన్నాళ్లకి ఆ అతుకు దగ్గర వేలికి మెట్టులా తగులుతుంది. అరిగిన కర్రని ఎవరూ తిరిగి తేలేరు.

నన్నడిగితే నూనె కూడా వద్దు. క్యూ పట్టేసేది చెమట, చాక్, టాల్కం పౌడర్ కలిసి గట్టిపడిన మడ్డి వల్ల. మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, చుక్క కారకుండా గట్టిగా పిండి, కర్ర పొడవునా తుడువు. వెంటనే పొడి గుడ్డతో చేతికి వేడి తగిలేదాకా రుద్దు. ఆ రెండో గుడ్డ చేసేదే అసలు పని. నూనె పెడితే ఆ జిగటకి మళ్లీ చాక్ అంటుకుంటుంది.

నాగావళి (శ్రీకాకుళం):
గంటస్తంభం గారూ, ఉప్పుకాగితం మాట నూటికి నూరు పాళ్లు నిజం. నూనె విషయంలో మాత్రం ఒప్పుకోను. మీరు చెప్పిన జిగట కొబ్బరినూనెకి వర్తిస్తుంది, అది ఎన్నాళ్లున్నా ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గట్టిపడుతుంది. యాష్ కర్ర రంధ్రాలు పెద్దవి, చెమట నేరుగా లోపలికి దిగుతుంది. పైన పల్చటి పొర ఉంటే మురికి పైనే ఆగుతుంది, తుడిస్తే పోతుంది.

చాలామంది చెడగొట్టుకునేది ఎక్కువ పూసి వదిలేయడం వల్ల. నాలుగైదు చుక్కలు చాలు. పావుగంట ఆగి, కర్ర మీద తడి మెరుపు లేకుండా మొత్తం తుడిచేయాలి. పూర్తిగా ఆరాకే కేసులో పెట్టాలి. టిప్‌కి నూనె తగలనివ్వకండి, తోలు పీల్చుకుంటే చాక్ పట్టదు. పెయింటు షాపుల్లో దొరికే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె త్వరగా ఆరుతుంది.

ఒక్క జాగ్రత్త: ఆ నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతటదే అంటుకోగలదు. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

గంటస్తంభం:
వానాకాలంలో గాలి నిండా తేమే. అప్పుడు ఆ నూనె ఎప్పటికి ఆరాలి? పైగా నూనె పూస్తే కర్ర వంగదని కొందరు నమ్ముతారు. గోడకి వాల్చినా, ఎండలో కారులో వదిలినా నూనె పట్టిన కర్రయినా వంగుతుంది.

నాగావళి:
వానాకాలంలో వద్దనే నేనూ అంటాను. సంక్రాంతి దాటాక, పొడి రోజుల్లో, ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. తేమని నూనె పూర్తిగా ఆపదు, లోపలికి వెళ్లే వేగం తగ్గిస్తుంది. వంపుకి అది మందని నేనూ అనడం లేదు.

చెక్కపని (బొబ్బిలి):
మాది వడ్రంగి పని. మీరిద్దరూ వాదించుకునే ముందు ఆ క్యూ మీద లక్క పాలిష్ ఉందో లేదో అడగాలి కదండీ. ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే పాలిష్ ఉన్నట్టే. అక్కడ నూనె లోపలికి పోదు, పైనే బంకలా మిగులుతుంది. కర్ర నల్లబడితే పాలిష్ పోయినట్టు. చూసిన వెంటనే చుక్క తుడిచేయండి.

ఏడురోడ్లు:
చూశానండి. వెనక నల్ల బట్ మీద చుక్క నిలబడింది, ముందు యాష్ మీద నల్లబడింది. అయితే బట్‌కి తడిగుడ్డ సరిపోతుంది. ముందు భాగానికి ఇప్పుడు గుడ్డతో మడ్డి తీసి, వానలు వెళ్లాక నూనె పెడతాను.

గంటస్తంభం:
మడ్డి తీశాక నెల రోజులు ఆడి చూడు. అప్పటికీ పట్టేస్తే నూనె సీసా కొనుక్కో, నేను అడ్డు చెప్పను. నా క్యూకి మాత్రం పెట్టను.