నాలుగున్నర గంటల ప్లాంక్ రికార్డుకు సన్నద్ధత: సలహాలు కావాలి

ప్రశ్న (వ్యాయామ ఉపాధ్యాయిని, తిరుపతి):
అందరికీ నమస్కారం. మహిళల ప్లాంక్‌లో (ముంజేతులు, కాలివేళ్ల మీద శరీరాన్ని తిన్నగా ఆనించి కదలకుండా ఉండే వ్యాయామం) గిన్నిస్ రికార్డుకు ప్రయత్నించాలని సంకల్పించాను. 2019లో డానా గ్లొవాకా నెలకొల్పిన 4 గంటల 19 నిమిషాల 55 సెకన్ల రికార్డును, కెనడాకు చెందిన డోనాజీన్ వైల్డ్ 2024 మార్చిలో, తన 58 ఏళ్ల వయసులో, 4 గంటల 30 నిమిషాల 11 సెకన్లతో అధిగమించారు. నేను ప్రస్తుతం గంటకు పైగా నిలవగలుగుతున్నాను గాని, పొట్ట కండరాల కంటే ముందే మోచేతులు మొరాయిస్తున్నాయి. రోజూ సమయం పెంచుకుంటూ పోవడమే మార్గమా? దరఖాస్తు ఎప్పుడు చేయాలి? మన ఊరి వాతావరణంలో ఏ నెల అనుకూలం?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు, తిరుపతి):
రోజూ శక్తి ఉన్నంతవరకు ప్లాంక్‌లో ఉండాలనుకోవడం మంచిది కాదు, ఎందుకంటే కండరం అలసటను ఒకటి రెండు రోజుల్లో మరచిపోయినా, మోచేతి వెనుక చర్మానికి దగ్గరగా సాగే అల్నార్ నాడి అంత త్వరగా కోలుకోదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే ఆ నాడి నలుగుతున్నట్లే. ఆ రోజు అక్కడితో ఆపివేయండి. వారానికి ఒక్కసారి మాత్రమే దీర్ఘంగా నిలిచి, మిగిలిన రోజుల్లో మధ్యమధ్య విరామమిస్తూ చిన్న విడతలు చేయండి. భుజాలకు, వీపు పైభాగానికి విడిగా వ్యాయామం అవసరం. వైల్డ్ గారు ప్లాంక్‌లో ఉండగానే చదువుకుంటూ సాధన చేసేవారట. మనసును మరో పనిలో పెట్టడం కూడా సాధనలో భాగమే.

కదలకుండా బిగబట్టి ఉండే వ్యాయామంలో రక్తపోటు పెరుగుతుంది కాబట్టి ముందుగా వైద్యుని చేత పరీక్ష చేయించుకోండి, శ్వాసను ఎక్కడా బిగబట్టకండి. సాధన తరువాత మూత్రం చిక్కటి టీ రంగులో వస్తే కండరాలు చితికి, వాటి నుంచి వెలువడే పదార్థం మూత్రపిండాలపై పడుతున్నదని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమాధానం 2 (రికార్డు పత్రాల పనిలో సహకరించిన వ్యక్తి, చిత్తూరు):
అమ్మా, ముందు దరఖాస్తు చేయండి. రుసుము లేని దరఖాస్తు పరిశీలనకే వారాలు పడుతుంది. అనుమతితో పాటు వచ్చే నియమావళిని చదవకముందు చేసిన ప్రయత్నానికి విలువ ఉండదు. మోచేతుల కింద ఏమి పరచవచ్చో కూడా అందులోనే చూసుకోవాలి. ముంజేతులు, కాలివేళ్లు తప్ప మరేదీ నేలను తాకకూడదు, నడుము జారకూడదు. కాబట్టి పక్క నుంచి శరీరమంతా కనిపించేలా మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయించండి. కొన్ని కెమెరాలు పెద్ద వీడియోను ముక్కలుగా నిల్వ చేస్తాయి గనుక రెండు కెమెరాలను కొద్ది నిమిషాల తేడాతో మొదలుపెట్టించండి. కరెంటును నమ్ముకోవద్దు.

నెల విషయానికి వస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మార్చి తరువాత ఎండలు. జనవరి, ఫిబ్రవరి మేలు. వైకుంఠ ఏకాదశి, రథసప్తమి రోజుల్లో మాత్రం తిరుపతిలో హాలు దొరకడమే గగనం కాబట్టి పంచాంగం చూసుకొని తేదీ ఖరారు చేయండి. డబ్బు తీసుకొని ఏదో ఒక ప్రపంచ రికార్డు ధ్రువపత్రం చేతిలో పెట్టే సంస్థలు కూడా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దని నా సలహా.

అడిగినవారి ప్రత్యుత్తరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పాఠశాల ఉపాధ్యాయులను సాక్షులుగా పెట్టుకోవచ్చా? నాలుగున్నర గంటలు లేవకుండా ఉండాలంటే ఆహారం సంగతేమిటి?

సమాధానం 2 నుంచి మళ్లీ:
సాక్షులు స్వతంత్రులై ఉండాలి. బంధువులు పనికిరారు, సహోద్యోగుల మీదా ప్రశ్నలు రావచ్చు. మీతో పరిచయం లేని వ్యాయామ శిక్షకులను అడగండి.

సమాధానం 1 నుంచి మళ్లీ:
ముందు రోజు రాత్రి సంగటి, పప్పు వంటివి మాని తేలికైన అన్నం తినండి. నీళ్లు ఒక్కసారిగా తాగకుండా, నియమావళి ఒప్పుకుంటే పక్కనున్నవారు స్ట్రాతో కొద్దికొద్దిగా అందించాలి. ఈ ఏర్పాటంతా ఒక దీర్ఘ సాధనలో ముందే పరీక్షించి చూసుకోండి.