పాత డీజిల్ పికప్: స్టార్ట్ అవుతోంది, స్లోలో నిలబడడం లేదు

టమోటా బండి (మదనపల్లె):
అందరికీ నమస్కారం. నా దగ్గర 2006 నాటి డీజిల్ పికప్ ఉంది. కామన్ రైల్ అనే కొత్త తరహా కాదు, రోటరీ పంపుతో డీజిల్ అందే పాత రకం ఇంజన్. తోట నుంచి మార్కెట్ యార్డుకు టమోటా క్రేట్లు తోలడానికే వాడతాను. నెల రోజులుగా ఒకటే ఇబ్బంది. తెల్లవారుజామున తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, పది పదిహేను సెకన్లు చక్కగా ఆడుతుంది, ఆ తర్వాత శబ్దం మెల్లగా కుంగిపోయి ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ కావాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. రెండు మూడు నిమిషాలు రేస్ ఇస్తూ కూర్చుంటే నిలబడుతుంది గానీ, కాలు తీస్తే స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ ఆడే వేగం) ఒకసారి పెరిగి ఒకసారి తగ్గి ఊగుతూనే ఉంటుంది.

డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు మార్చాను. ఒక షెడ్డులో స్లో స్క్రూ తిప్పి పంపించారు; రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఇంకో చోట పంపు దింపి క్యాలిబ్రేషన్‌కు ఇవ్వాలని, ఇరవై వేలు సిద్ధం చేసుకోమని చెప్పారు. ఇంటర్నెట్ వీడియోల్లో థ్రాటిల్ బాడీ శుభ్రం చేయమంటున్నారు. నా బండిలో అది ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించలేదు. పంపు దింపే ముందు ఇంకేమైనా చూడవలసినవి ఉంటే దయచేసి చెప్పండి. ఇంజన్ కిందా, పైపుల మీదా ఎక్కడా డీజిల్ తడి లేదు.

డాలస్ వాసి:
మీరు చూసిన వీడియోలు మా వైపు పాత పెట్రోల్ పికప్‌లవి అయి ఉంటాయండీ. నా దగ్గర ఉన్నది కూడా అలాంటిదే. పెట్రోల్ ఇంజన్‌లో కాలు తీసినప్పుడు థ్రాటిల్ బాడీలో గాలిని అడ్డుకునే రేకు దాదాపు మూసుకుపోతుంది కాబట్టి, స్లోకు కావలసిన కాస్త గాలిని పక్కదారిలో పంపే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. దానికి మసి పట్టినా, వాక్యూమ్ గొట్టం పగిలినా బండి స్లోలో ఆగిపోతుంది. మీ తరహా డీజిల్ ఇంజన్‌లో గాలిని అడ్డుకునే రేకు సాధారణంగా ఉండదు. ఎంత డీజిల్ పంపాలో పంపులోని గవర్నర్ చూసుకుంటుంది. కనుక ఆ సలహాలు మీకు పనికిరావు. డీజిల్ సంగతి నాకంటే బాగా తెలిసినవారు చెప్పాలి.

పాత డిపో (ఖమ్మం):
ఆర్టీసీ డిపోలో చాలాకాలం డీజిల్ పని చేసినవాణ్ణి. పంపు దింపకండి, స్లో స్క్రూను కూడా ఇక ముట్టుకోకండి. ఫిల్టర్ మూసుకుపోతే బండి ముందుగా ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద చచ్చుబడుతుంది. స్లోకు కావలసిన చుక్కంత డీజిల్ సగం మూసుకుపోయిన ఫిల్టర్ అయినా ఇస్తుంది. మీ బండి తీరు అది కాదు. స్టార్ట్ అయి, కొన్ని సెకన్లు ఆడి, ఆగిందంటే పంపు కడుపులో మిగిలి ఉన్న డీజిల్ అయిపోయి, దాని వెనుక గాలి బుడగ వచ్చిందని నా అనుమానం.

తడి లేదు కాబట్టి లీకు లేదని మీరు అనుకుంటున్నారు. చాలామంది మెకానిక్‌లు కూడా ఇక్కడే పొరబడతారు. రోటరీ పంపు ఉన్న చాలా బండ్లలో ట్యాంకు నుంచి డీజిల్‌ను ఆ పంపే స్వయంగా పీల్చుకుంటుంది. పీల్చే పైపులో సూది మొనంత సందు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. రాత్రంతా బండి నిలబడితే ఆ సందు గుండా గాలి చేరి, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగజారుతుంది.

మూడు సంగతులు చెప్పండి. రాత్రి బండిని ఎత్తు మీద, మూతి పైకి ఉండేలా పెడుతున్నారా? ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఇలాగే చేస్తోందా? ఆగిపోయాక సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోందా, లేక అసలు పొగే లేదా? తెల్ల పొగ వస్తే డీజిల్ సిలిండర్‌కు చేరుతోంది కానీ మండడం లేదని అర్థం; అప్పుడు డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మే నాజిళ్లు, సిలిండర్‌లో గాలి నొక్కుకునే కంప్రెషన్ వైపు వెళ్లాలి. పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదు.

టమోటా బండి:
పొగ లేదండీ. మా వాకిలి ఏటవాలుగా ఉంటుంది, మూతి పైకే పెడతాను. మీరు అడిగిన తర్వాత గుర్తు చేసుకుంటే, పోయిన నెల ట్యాంకు నిండా కొట్టించిన వారంలో రెండు మూడు ఉదయాలు అసలు ఇబ్బందే రాలేదు. కొత్త ఫిల్టర్ పనిచేసిందని అప్పుడు సంబరపడ్డాను.

పాత డిపో (ఖమ్మం):
అయితే సగం పని అయిపోయినట్టే. ఇప్పుడు క్యాన్ పరీక్ష చేయండి. శుభ్రమైన 5 లీటర్ల క్యాన్‌లో కొత్త డీజిల్ పోసి, ఇంజన్ కంటే ఎత్తులో, ఫ్యాన్‌కూ సైలెన్సర్‌కూ దూరంగా గట్టిగా కట్టండి. పంపుకు వచ్చే పైపును విప్పి, దాని చోట క్యాన్ నుంచి మూరెడు పారదర్శకమైన గొట్టం తగిలించండి. పంపులో మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పైపును కూడా అదే క్యాన్‌లోకి వదలండి. దాన్ని మరిచిపోతే క్యాన్ త్వరగా ఖాళీ అవుతుంది. విప్పిన బంజో బోల్టులు (పైపును పంపుకు బిగించే, లోపల డీజిల్ దారి ఉన్న బోల్టులు) రెంటినీ కలిపేయకండి. రిటర్న్ బోల్టులో సన్నని రంధ్రం ఉంటుంది, చాలా పంపుల్లో దాని తల మీద ‘ఔట్’ అని చెక్కి ఉంటుంది. అవి తారుమారైతే మీరే ఇంకో కొత్త జబ్బు తెచ్చిపెట్టినవారవుతారు. రాగి వాషర్లు కొత్తవి వేయండి.

క్యాన్ మీద స్లో నిలకడగా ఉంటే పంపు మంచిదే, తప్పు పంపుకు ముందు ఉంది. అక్కడి నుంచి ఫిల్టర్ హెడ్, దాని మీది చేతి ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించేది), రబ్బరు పైపు జాయింట్లు ఒక్కొక్కటిగా వెనక్కి కలుపుకుంటూ ట్యాంకు దాకా వెళ్లండి. గొట్టంలో బుడగలు మొదలైన చోటే దొంగ ఉన్నాడు. ట్యాంకు నిండితే బాగుంటోందంటే నా అనుమానం ట్యాంకులోకి దిగే పీల్పు గొట్టం మీద. నాజిల్ పైపులను మాత్రం ఇప్పుడు విప్పకండి; అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంటుంది, ఆ చిమ్ము చర్మంలోకి దూసుకుపోతుంది.

టమోటా బండి (వారం తర్వాత):
అయ్యా, మీరు చెప్పినట్టే అయింది. క్యాన్ మీద ఇంజన్ అరగంట ఆడినా ఊగలేదు. ఫిల్టర్, ప్రైమర్ కలిపినా బుడగ రాలేదు. ట్యాంకు పైపు కలిపిన రెండు నిమిషాలకు గొట్టంలో ఆవగింజంత బుడగలు వరుసగా రావడం కళ్లారా చూశాను. ట్యాంకు మీది యూనిట్ విప్పి గొట్టాన్ని బయటికి తీస్తే, పైనుంచి నాలుగు వేళ్ల కింద తుప్పు పట్టిన చోట గుండుసూది పట్టేంత చిల్లు ఉంది. డీజిల్ మట్టం దాని కంటే పైన ఉంటే చిల్లు మునిగి ఉండేది, కిందికి దిగితే గాలి పీల్చేది.

గొట్టం మార్పించాను. మొత్తం పదకొండు వందలు అయింది. ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేసి కాలు తీసినా నిలబడుతోంది, కానీ స్లో మరీ ఎక్కువగా, గోల గోలగా ఉంది. ఇది షెడ్డులో తిప్పిన స్క్రూ వల్లేనా?

పాత డిపో (ఖమ్మం):
అదే. జబ్బును కప్పిపుచ్చడానికి వాళ్లు స్లో పెంచారు. ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాత లాక్ నట్ వదులు చేసి, స్క్రూను పావు చుట్టు చొప్పున వెనక్కి తిప్పండి. టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) ఉంటే 800 దగ్గర ఆపండి; మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించండి. తర్వాత నట్ బిగించి, దాని మీద ఒక పెయింటు చుక్క పెట్టండి. ఈసారి ఎవరైనా తిప్పితే మీకు తెలిసిపోతుంది.